సూర్యలంక తీరంలో తాబేలు ఎదురైతే ఏం చేయాలి? గుంటూరు, విజయవాడ నుంచి వెళ్లేవాళ్ల కోసం

సంక్రాంతి సెలవులు మొదలయ్యాయంటే నా ఫోనుకు ఒకే రకం మెసేజీలు వస్తుంటాయి. "పెద్ద తాబేలు ఒడ్డున పడి ఉంది, నీళ్లలోకి తోసేయమంటారా?" "పిల్లలు ఇసుకలో పాకుతున్నాయి, బకెట్‌లో వేసుకెళ్లి లోపల వదలనా?" "చచ్చిపోయిన తాబేలు కనిపించింది, ఎవరికి చెప్పాలి?" అడిగేవాళ్లు బ్రాడీపేట, లబ్బీపేట, మంగళగిరి, తెనాలి నుంచి ఆదివారం పూట సముద్రం చూడటానికి వెళ్లినవాళ్లు. అందరిదీ మంచి మనసే. కానీ ఆ మంచి మనసుతో, తెలియక చేసే పనుల వల్ల తాబేళ్లు చనిపోవడం నేను కళ్లారా చూశాను. మొదట్లో నా చేతుల మీదుగా కూడా కొన్ని పోయాయి. ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. వెళ్లే ముందు ఒకసారి చదవండి, అక్కడ అవసరమైనప్పుడు తెరిచి చూసుకోండి.

ముందు ఈ నాలుగు మాటలు

మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేలు. పెద్దదైతే 35 నుంచి 45 కిలోలు ఉంటుంది, చిప్ప పొడవు రెండడుగుల పైచిలుకు. ఒడిశాలో గహీర్‌మాథా, రుషికుల్య తీరాల్లో ఇవి లక్షల్లో ఒకేసారి ఒడ్డెక్కుతాయి. మన బాపట్ల, నిజాంపట్నం వైపున, కృష్ణ అవతల నాగాయలంక, హంసలదీవి వైపున అలా కాదు. ఒక్కొక్కటే, చీకట్లో, ఎవరికీ తెలియకుండా వచ్చి వెళ్తుంది. అందుకే ఇక్కడ ప్రతి గూడూ లెక్కే.

డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టే కాలం. ఒక్కో గూటిలో 100 నుంచి 120 గుడ్లు ఉంటాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. చలి రోజుల్లో పెట్టినవి ఆలస్యంగా, ఎండలు ముదిరాక పెట్టినవి త్వరగా పొదుగుతాయి. కాబట్టి జనవరిలో వెళ్తే మీకు తల్లి కనిపించవచ్చు, మార్చిలో వెళ్తే పిల్లలు కనిపించవచ్చు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్ జంతువు, అంటే పెద్దపులితో సమానమైన రక్షణ. గుడ్లు తీసినా, మాంసం అమ్మినా, చిప్పను ఇంట్లో అలంకారానికి పెట్టుకున్నా నేరమే. 2022 సవరణ తర్వాత కనీసం 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల వరకు జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. "ఒడ్డున దొరికింది, మేం చంపలేదు కదా" అన్న మాట అక్కడ పనికిరాదు.

వెంట ఉండాల్సినవి

- చిన్న టార్చి. దాని అద్దానికి బహుమతులకు చుట్టే ఎర్ర గాజు కాగితం రెండు మూడు పొరలు రబ్బరు బ్యాండుతో బిగించండి. సెల్‌ఫోన్ లైటు దీనికి ప్రత్యామ్నాయం కాదు.
- ముదురు రంగు బట్టలు. తెల్ల చొక్కా వెన్నెల్లో చాలా దూరం కనిపిస్తుంది.
- దర్జీలు వాడే గుడ్డ టేపు, చిన్న నోటుపుస్తకం, పెన్సిల్. తేమకు పెన్ను మొరాయిస్తుంది.
- రబ్బరు గ్లవ్స్ ఒక జత, ఒక గోనె పట్టా, పదునైన చిన్న కత్తెర.
- ఫోనులో అటవీశాఖ స్థానిక రేంజ్ కార్యాలయం నంబరు, తీరంలో పనిచేసే వాచర్ నంబరు. ఇవి బయల్దేరే ముందే, పగటిపూట సంపాదించండి. రాత్రి రెండింటికి ఇసుకలో నిలబడి వెతికితే దొరకవు. అవి లేకపోతే కనీసం మెరైన్ పోలీస్ స్టేషన్ నంబరు ఉంచుకోండి, ఏదీ అందకపోతే 112.

బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు ఎన్ని తీసుకెళ్తే అన్నీ తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి కూడా. వదిలేసిన తిండి వల్ల కుక్కలు, కాకులు మరుగుతాయి. ఆ కుక్కలే తర్వాత గూళ్లు తవ్వుతాయి.

1. అనుమతి తీసుకుని, తోడుతో వెళ్లండి

రాత్రిపూట మీ అంతట మీరు నలుగురు కలిసి తీరం వెంట తిరగడం నేను సిఫారసు చేయను. అటవీశాఖ వాచర్లు, వాళ్లతో పనిచేసే మత్స్యకార యువకులు తెల్లవారుజామున నడుస్తూ గూళ్లు వెతుకుతారు. ముందుగా అడిగితే ఒకరిద్దరిని వెంట రానిస్తారు. విజయవాడ నుంచైనా, గుంటూరు నుంచైనా తెనాలి మీదుగా రైల్లో బాపట్ల చేరి, అక్కడి నుంచి ఆటోలో సూర్యలంక వెళ్లొచ్చు. ముందు రోజు సాయంత్రమే చేరుకుని కాసేపు నిద్రపోయి లేవడం మంచిది.

కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోకి, అంటే నది సముద్రంలో కలిసే చోట మడ అడవుల వైపు వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. అక్కడ "ఎవరూ లేరు కదా" అని పడవ మాట్లాడుకుని దిగిపోకండి.

అనుమతి దొరకకపోతే? పొద్దున్నే, వెలుగు వచ్చాక వెళ్లండి. జాడలు చూడటానికి అదే మంచి సమయం. జనం తొక్కేయకముందు ఇసుక మీద రాత్రి కథంతా ఉంటుంది.

2. లైట్లు ఆపండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. ఒడ్డుకు రావాలనుకున్న తల్లి తెల్లటి వెలుగు కనిపిస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. పిల్లల పరిస్థితి ఇంకా ఘోరం. గూటిలోంచి బయటికి రాగానే అవి చూసేది ఒక్కటే, ఎటువైపు తెల్లగా ఉందని. మామూలుగా సముద్రం వైపే ఆకాశం కాస్త తెల్లగా ఉంటుంది, అటే పరుగెడతాయి. మనం ఎల్‌ఈడీ లైటు వేస్తే మన వైపు వస్తాయి. రిసార్టు గేటు దీపం వెలుగుతుంటే రోడ్డు మీదికి పోతాయి. తెల్లారేసరికి ఎండకి మాడో, కుక్క నోట్లోనో ఉంటాయి.

మీరు బస చేసే చోట సముద్రం వైపున్న లైట్లు రాత్రి తొమ్మిది తర్వాత ఆపమని అడగండి. పూర్తిగా కుదరదంటే, కిందికి వంచి పైన తొడుగు పెట్టమనండి, తెల్ల బల్బు తీసి పసుపుపచ్చది పెట్టమనండి. కస్టమర్ అడిగితే వాళ్లు వింటారు. పదిమంది వాలంటీర్లు చెప్పినా ఆపని లైటును ఒక కుటుంబం "మేం ఇందుకే వచ్చాం" అనగానే ఆపడం చూశాను.

క్యాంప్‌ఫైర్ వద్దు. మాఘ పౌర్ణమి స్నానాల సమయం సరిగ్గా గుడ్లు పెట్టే కాలంలోనే వస్తుంది. ఆ రోజు దీపం వెలిగించేవాళ్లు నీళ్ల దగ్గర, తడి ఇసుక మీదే వెలిగించి, మొక్కుకున్నాక ఆర్పేయండి. పైన పొడి ఇసుకలో బండ్లు నిలపకండి. టైరు గాడి మనకు చిన్నది. నాలుగు సెంటీమీటర్ల పిల్లకు అది ఎక్కలేని గోడ.

3. జాడ చదవడం నేర్చుకోండి

అల తడిపే అంచు వెంటే నడవండి. పొడి ఇసుక మీద, సరుగుడు తోట అంచున నడవొద్దు, గూళ్లు ఉండేది అక్కడే. తాబేలు జాడ రెండున్నర అడుగుల వెడల్పుతో ట్రాక్టరు చిన్న చక్రం దొర్లినట్టుంటుంది. దగ్గరగా చూస్తే రెండు వైపులా కామా గుర్తుల్లాంటి గీతలు ఒకదాని తర్వాత ఒకటి, ఎడమ కుడి మార్చి మార్చి పడి ఉంటాయి.

చూడాల్సింది ఇదీ:

- ఒక్క జాడే పైకి వెళ్లి, తిరిగొచ్చిన జాడ లేకపోతే, తల్లి ఇంకా పైనే ఉంది. అక్కడే ఆగిపోండి.
- రెండు జాడలున్నాయి, మధ్యలో ఒకచోట ఇసుక చాప పరిచినంత మేర గుండ్రంగా చెదిరి ఉంది. గూడు ఉండే అవకాశం ఎక్కువ.
- రెండు జాడలున్నాయి, చెదిరిన చోటే లేదు. ఏదో చూసి భయపడి వెనక్కి వెళ్లిపోయింది. దీన్నీ రాసుకోండి. ఒకే చోట ఇలా రెండు మూడుసార్లు జరిగితే దగ్గర్లో ఏ లైటు ఉందో, ఏ కుక్కల గుంపు ఉందో వెతకాలి.

కొత్తవాళ్లు చేసే తప్పు, జాడ కనిపించగానే ఫోటో కోసం దాని మీదే నడవడం. ముందు పక్క నుంచి చూడండి. వాచర్ వచ్చి చూసేదాకా జాడ చెరగకూడదు.

4. తల్లి కనిపిస్తే

కూర్చోండి. ఆమె తల వైపు కాకుండా వెనకవైపు, కనీసం పదిహేను ఇరవై అడుగుల దూరంలో, మాట్లాడకుండా. ఒడ్డెక్కి, చోటు చూసుకుని, వెనక రెక్కలతో మూర లోతు గుంట తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకను దబదబ చదును చేసి వెళ్లిపోతుంది. మొత్తం గంటలోపే అయిపోతుంది. గుంట తవ్వేటప్పుడు అలజడి అయితే సగంలో వదిలేసి వెళ్తుంది, ఆ శ్రమంతా వృథా.

ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి. నొప్పికి ఏడుస్తోందని చాలామంది బాధపడతారు, కొందరు నీళ్లు పోయడానికి పోతారు. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథుల గుండా బయటికి పంపడం. నీళ్లు పోయొద్దు, ముట్టుకోవద్దు, మీ పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టొద్దు. ఈ చివరిది ఊరికే రాయలేదు, కళ్లారా చూశాను.

ఫోటో కావాలంటే ఆమె తిరిగి నీళ్ల వైపు వెళ్తున్నప్పుడు, ఫ్లాష్ లేకుండా, వెనక నుంచి తీసుకోండి. ముందరి రెక్కకు లోహపు ట్యాగు కనిపిస్తే నంబరు రాసుకోండి. 2021లో ఒడిశాలో ట్యాగు వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర తీరాన గుహాగర్‌లో గుడ్లు పెట్టింది. బంగాళాఖాతం తాబేలు అరేబియా సముద్రం దాకా వెళ్తుందని తెలిసింది ఎవరో ఆ అంకెలు శ్రద్ధగా చూశారు కాబట్టే.

5. గూడు కనిపిస్తే

తవ్వకండి. కర్రతో పొడిచి చూడకండి. గుడ్లు దొంగిలించేవాళ్లు చేసే పని అది, ఒక్క గుడ్డు పగిలితే ఆ వాసనకు చీమలు, నక్కలు వచ్చి గూడంతా పోతుంది.

మీరు చేయాల్సింది మూడు పనులు. లొకేషన్‌ను ఫోనులో భద్రపరచండి. వాచర్‌కో, రేంజ్ కార్యాలయానికో ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా కుక్కలు రాకుండా దూరంగా కాపలా కాయండి. ఆ లొకేషన్‌ను వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి.

"మేమే తీసి హేచరీకి (గుడ్లను భద్రంగా పొదిగించే చోటుకు) ఇచ్చేయొచ్చా?" అని అడుగుతారు. వద్దు. శిక్షణ ఉన్నవాళ్లు, శాఖ అనుమతితో మాత్రమే చేయాలి. కారణం చెప్తాను. పెట్టిన కొన్ని గంటల్లోనే లోపలి పిండం గుడ్డు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. పైకి ఏమీ తెలియదు, గుడ్డు తెల్లగా గుండ్రంగా అలాగే ఉంటుంది. రెండు నెలలు కాపలా కాశాక అందులో ఏమీ లేదని తెలుస్తుంది. అందుకే మార్చాల్సి వస్తే పెట్టిన ఆరు గంటల్లోపే, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆలస్యమైతే గూటిని అక్కడే ఉంచి చుట్టూ వల కట్టి కాపాడటం మేలు.

6. హేచరీలో వాలంటీరుగా సాయం చేస్తే

బాపట్ల తీరంలోనూ, నాగాయలంక వైపునా అటవీశాఖ హేచరీలు నడుపుతుంది. అక్కడ పనిచేయడానికి రమ్మన్నప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

గుంట ఆకారం కుండలా ఉండాలి, మెడ సన్నగా, అడుగున వెడల్పుగా, మొత్తం మూర లోతు, అంటే సుమారు 45 సెంటీమీటర్లు. అసలు గూడు ఎంత లోతుందో కొలిచి అంతే తవ్వితే ఇంకా మంచిది. గుడ్లను సంచిలోంచి గుమ్మరించకూడదు. ఒక్కొక్కటిగా, తీసినప్పుడు ఏ వైపు పైన ఉందో ఆ వైపే పైన ఉండేలా పెట్టాలి. గ్లవ్స్ వేసుకోవాలి, దోమల మందు, సబ్బు వాసన ఉన్న చేతులతో ముట్టుకోకూడదు. తడి ఇసుక ముందు, పొడి ఇసుక తర్వాత వేసి పూడ్చాలి. గూటికి గూటికి మధ్య మీటరు దూరం. ఒక్కో గూటికి పలక మీద తేదీ, గుడ్ల సంఖ్య, దొరికిన చోటు రాయాలి.

పోటు ఎక్కినా నీళ్లు చేరని చోట హేచరీ ఉండాలి. నిరుడు వాడిన ఇసుకలోనే మళ్లీ పెట్టకూడదు, పాత గుడ్ల కుళ్లు, బూజు అందులో ఉంటాయి. చోటైనా మార్చాలి, ఇసుకైనా మార్చాలి.

ఎండ గురించి చాలామంది పట్టించుకోరు. గూటి వేడిని బట్టే పిల్ల ఆడా మగా అనేది తేలుతుంది. సుమారు 30 డిగ్రీలు దాటిన కొద్దీ ఆడపిల్లలు ఎక్కువ, ఇంకా పెరిగి 35 దాటితే పిండాలే చచ్చిపోతాయి. మన గుంటూరు ఎండల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మార్చి రెండో వారం నుంచి హేచరీలో సగం మీద తాటాకు పందిరి వేయించండి. తాటాకు దొరక్కపోతే నర్సరీల్లో వాడే ఆకుపచ్చ నీడ వల చాలు. మొత్తం కప్పేయొద్దు, అప్పుడు అన్నీ మగవే అవుతాయి. థర్మామీటరు ఒకటి గూళ్ల మధ్య ఇసుకలో మూర లోతున పెట్టి రోజూ చూడటం అలవాటు చేసుకోండి.

నలభై రోజులు దాటిన గూటి చుట్టూ వెదురు బుట్ట బోర్లించాలి. ఆ రోజు నుంచి రాత్రి ప్రతి గంటకూ ఎవరో ఒకరు చూడాలి. పిల్లలు బుట్టలో రాత్రంతా పాకుతూ ఉండిపోతే సముద్రంలో ఈదడానికి దాచుకున్న సత్తువంతా అక్కడే అయిపోతుంది.

7. ఒడ్డున పిల్లలు కనిపిస్తే

నా తప్పు ఇక్కడే చెప్పాలి. మొదటి ఏడాది మార్చిలో తెల్లవారుజామున ఒక గూటిలోంచి ముప్ఫైకి పైగా పిల్లలు వచ్చాయి. ఎనిమిదింటికి ఊళ్లోంచి బడిపిల్లలు వస్తారు, వాళ్లకు చూపించాలని నాకు ఆశ. ప్లాస్టిక్ టబ్బులో సముద్రపు నీళ్లు పోసి అందులో ఉంచాను. నాలుగు గంటలు అవి ఆపకుండా ఈదాయి, టబ్బు గోడకు ముట్టెలు కొట్టుకుంటూ. పిల్లలు వచ్చారు, చప్పట్లు కొట్టారు, వదిలాం. సగానికి పైగా అలల్లోకి పోలేక మళ్లీ మళ్లీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఎండెక్కింది, కాకులు వచ్చాయి. ఆ బడిపిల్లల ముందే జరిగింది అదంతా. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు వచ్చి, "నీళ్లలో ఎందుకు పెట్టావు బాబూ, దాని దమ్మంతా అందులోనే పోయింది" అన్నారు. ఆ మాటే నాకు పాఠం.

పుట్టిన పిల్లలో కాస్త పచ్చసొన మిగిలి ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఆపకుండా ఈది లోతు నీళ్లకు చేరడానికి అదే దాని తిండి. దాన్ని మనం ఖర్చు పెట్టించకూడదు. కాబట్టి:

- బకెట్ వద్దు, టబ్బు వద్దు, నీళ్లలో పెట్టడమే వద్దు.
- సరిగ్గా సముద్రం వైపు పోతుంటే ముట్టుకోకండి. పక్కకు తప్పుకుని కాకుల్ని, కుక్కల్ని, ఇసుక ఎండ్రకాయల్ని దూరంగా తోలండి. నీళ్ల అంచున జనం నిలబడితే కాళ్ల కింద పడతాయి, వాళ్లను వెనక్కి పంపండి.
- రోడ్డు వైపు, తోట వైపు దారితప్పి పోతుంటే, ముందు ఆ లైటు ఆపించండి. తర్వాత తడి ఇసుక పరిచిన బుట్టలోనో, తడి గుడ్డ వేసిన అట్టపెట్టెలోనో పెట్టి, నీళ్లకు ముప్ఫై అడుగుల ఇవతల ఇసుక మీద దించండి. అక్కడి నుంచి వాటంతట అవే పాకాలి. నేరుగా అలల్లోకి విసరడం పెద్ద తప్పు.
- పట్టపగలు దొరికితే ఎండలో వదలకండి. నీడలో, చీకటిగా, చల్లగా ఉంచి, వాచర్‌కు చెప్పండి. సాయంత్రం పొద్దుగూకాక వదులుతారు.
- రోజూ ఒకే చోట వదలకూడదు. చేపలు ఆ చోటును మరుగుతాయి.

అరచేతిలో పెట్టుకుని సెల్ఫీ దిగడం గురించి కోప్పడుతున్నానని అనుకోకండి. ఆ నిమిషం ఎంత ముద్దుగా ఉంటుందో నాకూ తెలుసు. కానీ పది మంది పది సెల్ఫీలు దిగేసరికి ఆ పిల్లకు అరగంట పోతుంది.

8. బతికున్న పెద్ద తాబేలు ఒడ్డున పడి ఉంటే

పగటిపూట ఒడ్డున కదలకుండా ఉంటే అది గుడ్లు పెట్టడానికి రాలేదు. వలలో చిక్కి నీరు తాగిందో, దెబ్బ తగిలిందో. చాలామంది వెంటనే నీళ్లలోకి తోస్తారు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. సత్తువ లేనిదాన్ని తోస్తే మునిగి చనిపోతుంది.

ముందు బతికుందో లేదో చూడండి. కంటి మూల దగ్గర మెల్లగా తాకితే, తోక దగ్గర తాకితే కాస్తయినా కదులుతుందా? కదలకపోయినా చనిపోయిందని తేల్చేయకండి, స్పృహ తప్పి ఉండొచ్చు. బోర్లా, అంటే పొట్ట నేలకు ఆనేలా ఉంచి, వెనక భాగం కింద ఇసుక పోసి జానెడు ఎత్తు లేపండి. లోపలి నీళ్లు బయటికి వస్తాయి. నీడ చేయండి, తడి గోనె పట్టా కప్పండి, ముక్కు, నోరు మాత్రం కప్పొద్దు. వెల్లకిలా తిప్పొద్దు. నోట్లో నీళ్లు, తిండి పెట్టొద్దు. ఇలా ఉంచితే నాలుగు గంటలకో, ఒక్కోసారి మరుసటి రోజుకో తేరుకుంటుంది. ఈలోగా అటవీశాఖ ద్వారా పశువైద్యుడు వచ్చే ఏర్పాటు జరగాలి.

మెడకో, రెక్కకో వల ముక్క చుట్టుకుని ఉంటే కత్తెరతో వలను కోయండి, లాగొద్దు. చర్మంలోకి దిగబడి ఉంటే బయటి భాగం మాత్రమే కత్తిరించి మిగతాది వైద్యుడికి వదిలేయండి. దాని ముక్కుకు మీ వేళ్లు అందకుండా చూసుకోండి, ఎండ్రకాయల్ని పటపటా నమిలే దవడ అది.

మత్స్యకారులు ఈ పద్ధతి చదువుతుంటే ఒక మనవి: పడవలోకి వచ్చిన తాబేలు కదలకపోతే వెంటనే విసిరేయకుండా ఇలాగే వెనకభాగం ఎత్తి ఉంచండి. చాలావాటికి ప్రాణం తిరిగొస్తుంది.

9. చనిపోయినది కనిపిస్తే

బాధగా ఉంటుంది, కానీ వదిలేసి పోకండి. ఒక్కో కళేబరం ఒక సాక్ష్యం. దూరం నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, తల దగ్గర ఒకటి ఫోటోలు తీయండి. గ్లవ్స్ వేసుకుని, మెడ దగ్గరి అంచు నుంచి తోక వైపు చివరిదాకా చిప్ప వంపు మీదుగా టేపుతో కొలవండి. తోక చిప్పను దాటి బాగా బయటికి ఉంటే మగది, లేకపోతే ఆడది. ఈ గుర్తు పెద్దవాటికే పనికొస్తుంది. తాడు ఒరుసుకున్న గుర్తు ఉందా, పడవ పంకా కోసిన గాటు ఉందా, మెడ ఉబ్బిందా రాసుకోండి. ట్యాగు వెతకండి. పాతిపెట్టడం అటవీ సిబ్బంది పని. వాళ్లు రావడం ఆలస్యమైతే, వాళ్లను ఫోనులో అడిగి చిప్ప మీద రంగు గుర్తు పెట్టండి. లేకపోతే అదే తాబేలును రేపు ఇంకొకరు మళ్లీ లెక్కపెడతారు.

ఇన్ని ఎందుకు చనిపోతాయంటే ఎక్కువగా ట్రాలర్ వలల్లో ఊపిరాడక. గంటల తరబడి నీళ్ల అడుగున లాగే వలలో పడితే పైకి వచ్చి గాలి పీల్చే వీలుండదు. తాబేలు తప్పించుకుపోయేలా వలకు టెడ్ అనే చట్రం బిగించాలని, ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చేయకూడదని నియమాలున్నాయి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అంటే తాబేళ్లు ఒడ్డుకు దగ్గరగా తిరిగే జనవరి, ఫిబ్రవరి నెలలు నిషేధంలో లేవు. ఆ నెలల్లో టెడ్, దూరం నియమం ఈ రెండే వాటికి కాపు. ఒడ్డుకు మరీ దగ్గరగా ట్రాలర్ కనిపిస్తే సమయం, దిక్కు, ఫోటో మత్స్యశాఖకు పంపండి. నాటు పడవల వాళ్లతో మాత్రం గొడవ పెట్టుకోకండి. ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్లు చిక్కిన తాబేలును కూర్మావతారమని దణ్ణం పెట్టి వదలడం నేను చాలాసార్లు చూశాను. గూళ్ల కబురు ముందుగా తెచ్చేదీ వాళ్లే.

మడ అడవుల వైపు వెళ్తే

కృష్ణా అభయారణ్యంలో బావురు పిల్లి ఉంటుంది, ఇంగ్లిషులో ఫిషింగ్ క్యాట్ అంటారు. ఇంటి పిల్లికి రెట్టింపు, ఒంటి మీద నల్ల చుక్కలు. దాని కూనలను చూసి చిరుత పిల్లలనుకునే ప్రమాదం ఉంది. కూనలు ఒంటరిగా కనిపిస్తే ఎత్తుకురావద్దు, తల్లి వేటకు వెళ్లి ఉంటుంది. దూరంగా వచ్చేసి ఫారెస్టు వాళ్లకు చెప్పండి. నాగాయలంక వైపు రాత్రి ప్రయాణమైతే బండి నెమ్మదిగా నడపండి. మడ చెట్ల ఊపిరి వేళ్ల మీద నడవకండి, పడవ లంగరు వాటిలో వేయనివ్వకండి.

పని సరిగ్గా జరిగిందా, ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్ష ఇసుక మీదే ఉంటుంది. పిల్లలు వెళ్లిన మర్నాడు పొద్దున జాడలు చూడండి. గూటి దగ్గర మొదలై సన్నటి విసనకర్రలా సముద్రం వైపు విచ్చుకుంటే అంతా బాగున్నట్టు. అన్ని వైపులకూ చెల్లాచెదురైతే, లేదా ఊరి వైపు తిరిగితే, రాత్రి ఎక్కడో లైటు వెలిగింది. జాడ వెంట నడిస్తే ఆ లైటు దగ్గరికే తీసుకెళ్తుంది.

రెండోది లెక్క. పిల్లలు బయటికొచ్చిన రెండు మూడు రోజులకు హేచరీ సిబ్బంది గూడు తవ్వుతారు. అప్పుడు పక్కన ఉండండి. ఖాళీ పెంకులు, పొదగని గుడ్లు, లోపలే చనిపోయిన పిల్లలు విడివిడిగా లెక్కపెట్టాలి. చిన్న ముక్కలు లెక్కలోకి రావు, సగానికి పైగా ఉన్న పెంకునే ఒకటిగా తీసుకోవాలి. 112 గుడ్లు పెడితే 90 పెంకులు దొరికాయనుకోండి, 90ని 112తో భాగించి వందతో గుణిస్తే సుమారు 80 శాతం. నా లెక్కలో అది మంచి గూడు. 70 కన్నా తగ్గితే కారణం వెతకాలి. గుడ్లలో పిండం కళ్లు కూడా ఏర్పడక ముందే ఆగిపోయి ఉంటే తెచ్చేటప్పుడు ఆలస్యమో, కుదుపో జరిగి ఉండొచ్చు. పూర్తిగా ఎదిగి లోపలే చనిపోయి ఉంటే వేడినీ, నీళ్లు చేరడాన్నీ అనుమానించండి. గూటి అడుగున ఒకటో రెండో బతికున్న పిల్లలు చిక్కుకుని ఉండటం మామూలే, తవ్వేటప్పుడు చేతులతోనే తవ్వాలి, పార వద్దు.

మూడోది మీ నోటుపుస్తకం. ప్రతి రాకకూ తేదీ, సమయం, చోటు, ఏం చూశారు, ఎవరికి ఫోన్ చేశారు, వాళ్లు ఎన్ని నిమిషాల్లో వచ్చారు, ఈ ఆరూ ఉంటే చాలు. ఏమీ కనిపించని రోజు కూడా "నడిచాం, జాడ లేదు" అని రాయండి. బాపట్లలో తిరుగు రైలెక్కే ముందు ఆ పేజీ ఫోటో తీసి వాచర్‌కు పంపండి. జనవరి పదిన గూడు కనిపించిన చోటును ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి రెండో వారం దాకా క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని మళ్లీ వెళ్లాలి.